వీధి దీపం, కోర్టు వాయిదా, పిల్లల పార్కు: పట్టణ బడ్జెట్‌ను మన సంఘాలు ఎలా చదవాలి?

ఆదివారం సాయంత్రం ఆరాధన ముగిశాక మందిరం గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, ఊరి కష్టసుఖాలన్నీ చెవిన పడతాయి. ఏ పట్టణంలోనైనా, ఏ సంఘంలోనైనా వినిపించే మూడు మాటలను ఇక్కడ తీసుకుందాం.

ఒక విధవరాలు అంటుంది: “మా ఊళ్లో రెండు సెంట్ల స్థలం మీద కేసు నడుస్తోంది. వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి. తీరా వెళితే మళ్లీ వాయిదా.” ఒక తల్లి అంటుంది: “మా వీధిలో మూడు స్తంభాలకు లైట్లు వెలగడం లేదు. అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడతాను.” ఒక తాతగారు అంటారు: “లేఅవుట్‌లో పార్కు అని చూపించిన జాగాలో వయ్యారిభామ మొలిచింది. అందరూ చెత్త అక్కడే పోస్తున్నారు. పిల్లలేమో రోడ్డు మీద ఆడుకుంటున్నారు.”

ఈ ముగ్గురూ కలిసి వార్డు కౌన్సిలర్ దగ్గరకు వెళ్లారనుకుందాం. వచ్చే జవాబు మనకు అలవాటైనదే: “నిధులు లేవండి.”

ఆ జవాబులో కొంత నిజముంది, కొంత తప్పించుకోవడమూ ఉంది. ఏది ఎంతో తెలియకపోతే మనం రెండు పొరపాట్లు చేస్తాం. ఆ పని తన చేతిలో లేని మనిషిని నిందిస్తాం, తన చేతిలో ఉన్నవాణ్ని వదిలేస్తాం. అందుకే న్యాయం, భద్రత, పార్కు అనే ఈ మూడు అవసరాలూ ఎవరి బాధ్యత, ఎవరి డబ్బు అన్నది ఈ వారం వివరించాలనుకున్నాం.

ఏ పని ఎవరిది?

1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో రాజ్యాంగంలో పన్నెండవ షెడ్యూలు చేరింది. పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాల జాబితా అది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో ఉన్నాయి. వీధి దీపాలు, బస్టాపులు, ప్రజా మరుగుదొడ్లు ఉన్నాయి. మన సంఘాలకు ఎంతో అవసరమైన సమాధుల తోటలు, శ్మశాన వాటికల అంశమూ ఉంది. అగ్నిమాపక సేవలు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. అయితే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ శాఖను రాష్ట్ర ప్రభుత్వమే నడుపుతోంది.

ఆ జాబితాలో లేనివి రెండున్నాయి. పోలీసులు లేరు, కోర్టులు లేవు. పోలీసు వ్యవస్థ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రానిది. కోర్టుల విషయానికొస్తే, జిల్లాలోని న్యాయస్థానాలు హైకోర్టు పర్యవేక్షణలో ఉంటాయి. జడ్జీల జీతాలు, భవనాల ఖర్చు ప్రధానంగా రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. కోర్టు భవనాలు, జడ్జీల నివాసాల కోసం 1993-94 నుంచి ఒక కేంద్ర పథకం కూడా నడుస్తోంది.

కాబట్టి పార్కు పూర్తిగా మున్సిపాలిటీ పని. భద్రతలో సగం మున్సిపాలిటీది: వీధి దీపాలు, కూలిపోయేలా ఉన్న పాత భవనాలు, మూతల్లేని మురుగు కాలువలు, వీధి కుక్కల నియంత్రణ, కట్టడాల అనుమతుల్లో అగ్ని భద్రత. మిగిలిన సగం పోలీసులది. కోర్టు మాత్రం మున్సిపాలిటీ చేతిలో లేదు. కౌన్సిల్ కావాలంటే “మా పట్టణానికి మరో కోర్టు కావాలి” అని తీర్మానం చేసి పైకి పంపగలదు. అంతకుమించి ఏమీ చేయలేదు.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. ఆ విధవరాలి న్యాయం, ఆ అమ్మాయి భద్రత, ఆ పిల్లల ఆటస్థలం ఒకే సంచిలోని డబ్బు కోసం కొట్లాడుకోవడం లేదు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

దగ్గరలో న్యాయం: ఉన్న దారులు

పేదవాడి గడప దగ్గరకే న్యాయం రావాలన్న ఉద్దేశంతో పార్లమెంటు గ్రామ న్యాయాలయాల చట్టం 2008 చేసింది. అది 2009 అక్టోబరు 2న అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం న్యాయాధికారి గ్రామాలకు వెళ్లి అక్కడే విచారణ జరపవచ్చు. చిన్న నేరాల కేసులు, చిన్న సివిల్ తగాదాలు వినవచ్చు. రాజీకి ప్రయత్నించవలసిన బాధ్యత కూడా ఆయనకుంది. ఒక్కో న్యాయాలయం ఏర్పాటుకు కేంద్రం ఒకేసారి 18 లక్షల రూపాయల వరకు, మొదటి మూడేళ్లు నిర్వహణకు ఏటా 3.20 లక్షల వరకు సాయం చేసేలా పథకం పెట్టారు. ఆ మూడేళ్లు దాటాక భారమంతా రాష్ట్రాల మీదే పడుతుంది. చాలా రాష్ట్రాలు గెజిట్‌లో ప్రకటించి కూడా వీటిని నడపడానికి ముందుకు రాకపోవడానికి అదొక కారణం. కాబట్టి కోర్టు గురించి అడగవలసింది కౌన్సిలర్‌ను కాదు, ఎమ్మెల్యేను.

కొత్త కోర్టు వచ్చేదాకా ఆ విధవరాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987 ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. అంటే ఆమెకు వకీలు ఫీజు కట్టే అవసరమే లేదు. ఈ సంగతి మన సంఘాల్లో ఎంతమంది స్త్రీలకు తెలుసు?

మన సంఘాలకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఆ కారణంగా “మనకు ఉచిత న్యాయం వర్తించదు” అనుకుని కొందరు ఆగిపోతారు. అది సరికాదు. పురుషులైనా సరే, నిర్ణీత ఆదాయ పరిమితిలోపు ఉంటే అర్హులే. పరిశ్రమల్లో పనిచేసే కార్మికులూ అర్హులే. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ, దగ్గరలోని కోర్టులో ఉండే మండల స్థాయి కమిటీని గానీ కలవవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలూ రాజీపడితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. రెండు సెంట్ల స్థలం కోసం రెండు తరాలు కోర్టు చుట్టూ తిరగడం కన్నా ఇది మేలు కాదా? అయితే రాజీ పేరుతో బలహీనురాలిని లొంగదీయకూడదు. తన హక్కు ఏమిటో వకీలు ద్వారా తెలుసుకున్నాకే ఆమె సంతకం చేయాలి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మున్సిపాలిటీకి సొంత ఆదాయంలో ముఖ్యమైనది ఆస్తి పన్ను. దాని తర్వాత నీటి చార్జీలు, ఖాళీ స్థలాల పన్ను, కట్టడాల అనుమతుల రుసుములు, దుకాణాల అద్దెలు. ఇవి కాక రాష్ట్ర గ్రాంట్లు, కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు.

ఆర్థిక సంఘం గ్రాంట్ల గురించి ఒక చిన్న లెక్క తెలుసుకోవాలి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన ప్రతి 100 రూపాయల్లో 60 రూపాయలు తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకే కట్టుబడి ఉన్నాయి. వాటిని పార్కుకో లైట్లకో మళ్లించడానికి వీల్లేదు. మిగిలిన 40 రూపాయలే స్థానిక అవసరాలకు వాడుకునేవి. వాటిని జీతాలకు వాడకూడదు. కౌన్సిలర్ “నిధులు లేవు” అన్నప్పుడు అందులో నిజమైన భాగం ఇదే. మన ఇష్టానికి ఖర్చుపెట్టుకునే డబ్బు, వచ్చినట్టు కనిపించే మొత్తం కన్నా చాలా తక్కువ.

రెండో వైపు చూద్దాం. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి మున్సిపాలిటీ తన బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనం కోసం కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా ఆ చట్టం అంటోంది. కాబట్టి తెలంగాణలో మొక్కలకు, తోటలకు డబ్బు లేదనే మాటకు చోటు తక్కువ. “ఆ పది శాతం ఈ ఏడాది ఎక్కడ ఖర్చయింది?” అన్నదే సరైన ప్రశ్న.

రెండు రాష్ట్రాల్లోనూ మనలో చాలామంది చేతి నుంచి పార్కుల పేరిట డబ్బు వెళ్లింది. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొని, తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ కింద క్రమబద్ధీకరణకు దరఖాస్తు చేసినవారికి ఇది గుర్తుండే ఉంటుంది. లేఅవుట్‌లో విడిచిపెట్టవలసిన ఖాళీ స్థలం లేకపోతే దానికి బదులుగా స్థలం విలువలో 14 శాతం వసూలు చేశారు. ఆ 14 శాతం దేనికి? మన పిల్లలకు రావలసిన ఖాళీ జాగా రాకుండా పోయినందుకు. అలా కట్టిన సొమ్ముతో మన ప్రాంతంలో ఏం చేశారని అడిగే హక్కు కట్టిన ప్రతివారికీ ఉంది.

డబ్బు లేదంటే కోర్టు ఏమంది?

మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు బహిరంగ మురుగుతో, మరుగుదొడ్లు లేని మురికివాడ దుర్గంధంతో విసిగిపోయి మెజిస్ట్రేటును ఆశ్రయించారు. బాగుచేయమని మెజిస్ట్రేటు మున్సిపాలిటీని ఆదేశించారు. మున్సిపాలిటీ బాగు చేయడానికి బదులు పైకోర్టులకు వెళ్లింది. మా దగ్గర డబ్బు లేదన్నదే దాని వాదన. 1980లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన ఆ తీర్పు సారాంశం ఇది: ప్రజల ఆరోగ్యాన్ని, మర్యాదను కాపాడే కనీస బాధ్యతను డబ్బు లేదనే సాకుతో స్థానిక సంస్థ తప్పించుకోలేదు.

నాడు ఆ ప్రజలు వాడుకున్నది నేర విచారణ స్మృతిలోని 133వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే అధికారం 152వ సెక్షనులో ఉంది. ప్రజలందరికీ ఇబ్బంది కలిగించే దాన్ని తొలగించమని కార్యనిర్వాహక మెజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు. అలాగని ప్రతి వెలగని లైటుకూ కేసు వేయమని మేము చెప్పడం లేదు. అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని, కొన్నాళ్లు ఓపికపట్టి, అప్పటికీ కదలిక లేకపోతే చట్టంలో ఒక తలుపు ఉందని తెలిసి ఉండాలి.

పార్కు స్థలం మీద కన్ను

బెంగళూరులో పార్కు కోసం వదిలిన ఒక స్థలాన్ని అక్కడి అభివృద్ధి సంస్థ ఒక ప్రైవేటు ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోవడానికి కేటాయించింది. చుట్టుపక్కల నివాసులు కోర్టుకెళ్లారు. ఆసుపత్రి మంచిదే కదా, పార్కు కన్నా అవసరమే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 1991లో సుప్రీంకోర్టు నివాసుల పక్షమే నిలిచింది. పార్కుగా కేటాయించిన స్థలం ప్రజలందరిదీ, దాన్ని ప్రైవేటు ఆసుపత్రిగా మార్చే అధికారం ఎవరికీ లేదంది. మంచి పనికైనా సరే, పిల్లల జాగాను తీసుకోకూడదన్నది ఆ తీర్పులో మనం నేర్చుకోవలసింది.

ఇక్కడ మన వేలు మనవైపూ తిప్పుకోవాలి. కొత్త కాలనీలో ఖాళీ జాగా కనిపించగానే “ఇక్కడ చిన్న మందిరం వేసుకుంటే బాగుంటుంది” అనుకున్న సంఘాలు లేవా? ఇతరులు వేసుకున్నారు కాబట్టి మనమూ వేసుకోవచ్చని వాదించినవారు లేరా? గుడి, చర్చి, మసీదు, గురుద్వారా ఏదైనా సరే, వీధుల్లో, పార్కుల్లో, ప్రజా స్థలాల్లో అనుమతి లేకుండా కొత్తగా కట్టనివ్వకూడదని 2009లో సుప్రీంకోర్టు ఆదేశించింది. చట్టం అలా అన్నందుకే కాదు, పిల్లల ఆటస్థలం మీద లేచిన మందిరంలో నీతిని గూర్చి ఎలా బోధించగలం?

మందిరానికి పన్ను లేదు, బాధ్యత ఉంది

ఆరాధన కోసమే వాడే మందిరానికి ఆస్తి పన్ను మినహాయింపు ఉంది. ఇది అన్ని మతాల ఆరాధనా స్థలాలకూ ఉన్నదే. అంటే మన మందిరం ముందు వెలిగే దీపం, ఊడ్చే రోడ్డు, తీసుకెళ్లే చెత్త ఖర్చును పట్టణంలోని మిగిలిన పన్ను చెల్లింపుదారులు, వారిలో కూలివాళ్లు కూడా, మన కోసం భరిస్తున్నారు. ఆ మినహాయింపు ఆరాధన స్థలానికే గాని, ప్రహరీ వెంబడి కట్టి అద్దెకిచ్చిన దుకాణాలకు కాదు. వాటి పన్ను సక్రమంగా కడుతున్నామా అని సంఘ పెద్దలు రికార్డులు తీసి చూసుకోవాలి. ఇళ్ల పన్ను సంగతీ అంతే. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఇస్తుంటారు. బకాయి పెట్టి లైటు అడగడం కన్నా కట్టి అడగడంలో గొంతుకు బలముంటుంది.

భద్రత విషయంలోనూ మనకు సొంత బాధ్యత ఉంది. వందమందికి పైగా ఒకేసారి చేరే చోట్ల, ఆరాధనా స్థలాలతో సహా, సీసీ కెమెరాలు పెట్టాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ప్రజా భద్రత చట్టం చెబుతోంది. క్రిస్మస్, ఉపవాస కూడికల రోజుల్లో మన మందిరాల్లో అంతకు ఎన్నో రెట్లు జనం ఉంటారు. బయటికి వెళ్లే తలుపులు ఎన్ని, అవి తెరిచి ఉన్నాయా, వైర్లు ఎలా ఉన్నాయి అన్నది చూడడానికి ఏ కౌన్సిల్ తీర్మానమూ అక్కర్లేదు.

అయితే ఏది ముందు?

చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బులో ఏది ముందు అని అడిగితే మా అభిప్రాయం ఇది. మొదట దీపం. ఖర్చు తక్కువ, ఆలస్యం వల్ల జరిగే హాని ఎక్కువ. తర్వాత పార్కు స్థలాన్ని కాపాడడం. ఫౌంటెన్లు, బొమ్మలు, రంగుల గేట్లు ఆగవచ్చు. సర్వే చేసి, హద్దురాళ్లు వేసి, కంచె కట్టి, ఇది మున్సిపాలిటీ స్థలమని బోర్డు పెట్టడం ఆగకూడదు. ఈ ఏడాది కట్టలేని ఊయల వచ్చే ఏడాది కట్టవచ్చు. ఈ ఏడాది పోయిన స్థలం వచ్చే ఏడాది తిరిగి రాదు. ఇక కోర్టు విషయంలో పట్టణం పెట్టవలసింది డబ్బు కాదు, గొంతు.

ఒక మాట మరువకూడదు. దీపం లేని పార్కుకు సాయంత్రమైతే స్త్రీలు, పిల్లలు వెళ్లరు, తాగేవాళ్లే చేరతారు. కాపాడే చట్టం, వినే కోర్టు లేకపోతే పార్కు స్థలమే మిగలదు. ఈ మూడింటికీ వేర్వేరు ఖజానాలున్నా, మూడింటి మేలూ ఒకే వీధిలో కలుస్తుంది.

ఈ నెలలో సంఘం చేయగలిగినవి

యౌవనస్థుల కూడిక ఒక సాయంత్రం వార్డంతా తిరిగి వెలగని స్తంభాల నంబర్లు రాసుకోవచ్చు. నంబర్లతో ఇచ్చిన అర్జీకి, “మా వీధి చీకటిగా ఉంది” అని ఇచ్చిన అర్జీకి ఎంతో తేడా ఉంటుంది. స్త్రీల సమాజం ఒక కూడికకు న్యాయసేవాధికార సంస్థ తరఫు వకీలును పిలిచి ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పించవచ్చు. సంఘ పెద్దలు తమ లేఅవుట్ ప్లాను నకలు తీసుకుని, ఖాళీ స్థలం ఎంత చూపించారో, ఇప్పుడు ఎంత మిగిలిందో కొలిచి చూడవచ్చు. బడ్జెట్ వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి.

కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి బడ్జెట్ మాటలు అంతకు ముందు నెలల్లోనే జరుగుతాయి. ఏప్రిల్ తర్వాత అడిగితే “వచ్చే ఏడాది చూద్దాం” అంటారు. పాలకవర్గం లేక ప్రత్యేకాధికారి పాలన నడుస్తున్న చోట్ల అర్జీ ఆయనకే ఇవ్వాలి. మన సంఘం పేరు మీద ఒక్కరమే వెళ్లకుండా, వీధిలోని అన్ని మతాలవారితో కలిసి వెళదాం. చీకటి వీధిలో నడిచే అమ్మాయి ఏ మందిరానికి వెళుతుందో దీపం అడగదు.

జెకర్యా గ్రంథం 8వ అధ్యాయం తీసి మెల్లగా చదవండి. ప్రవక్త చూసిన బాగుపడిన పట్టణంలో చేతికర్రలు పట్టిన వృద్ధులు నిర్భయంగా వీధుల్లో కూర్చున్నారు, ఆ వీధుల నిండా ఆడపిల్లలు, మగపిల్లలు ఆడుకుంటున్నారు, గుమ్మాల దగ్గర సత్యమైన తీర్పు జరుగుతోంది. భద్రత, ఆటస్థలం, న్యాయం. మన గేటు దగ్గర ఆ ముగ్గురూ అడిగినవి ఇవే. వచ్చే ఆదివారం వారు మళ్లీ అక్కడే నిలబడతారు. “ప్రార్థన చేద్దాం” అనడంతో పాటు “అర్జీ రాద్దాం, రండి” అని కూడా మనం అనగలగాలి.